ఐబీఎస్‌కు ఏ ఆహార పద్ధతి ముందు? తిరుపతి, చిత్తూరు వంటిళ్ల లెక్కలో ఒక పోలిక

నెలల తరబడి కడుపునొప్పి, ఉబ్బరం, విరేచనాలో మలబద్ధకమో వేధిస్తున్నా, ఎండోస్కోపీలో గానీ స్కానింగులో గానీ పుండూ వాపూ ఏదీ కనిపించని స్థితికి వైద్యులు ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్ అని పేరు పెట్టారు. వాడుకలో అది ఐబీఎస్. ఆ మాట రాసిన చీటీతో ఇంటికి చేరిన మనిషికి ఆ సాయంత్రం నుంచే సలహాలు అందుతాయి. పాలు మానమని ఒకరు, గోధుమ ముట్టవద్దని ఇంకొకరు, అన్నం వదిలి సిరిధాన్యాలకు మారమని పక్కింటి పెద్దాయన, రాత్రిపూట ఇసబ్గోల్ తాగమని మందుల షాపు అబ్బాయి, పేగుల్లో సరిగా ఇంకక పులిసే పిండిపదార్థాలను తగ్గించే ఫాడ్‌మ్యాప్ ఆహారం మొదలుపెట్టమని బెంగళూరు నుంచి ఫోన్లో కూతురు. చెప్పేవారందరిదీ మంచి మనసే. కానీ ఇవన్నీ ఒకే వారంలో మొదలుపెట్టినవారికి, నెల తిరిగేసరికి కాస్త నయమైనా ఏది పనిచేసిందో తెలియదు, నయం కాకపోతే దేన్ని వదలాలో తెలియదు, ఈలోగా కంచంలో పదార్థాలు మాత్రం సగానికి తగ్గిపోయి ఉంటాయి.

అందుకే ఈ పద్ధతులను పక్కపక్కన పెట్టి చూడవలసి వస్తుంది. ఖర్చూ నష్టమూ తక్కువగా ఉన్నదానితో మొదలుపెట్టాలని, రెండో మెట్టును ప్రధానమైన బాధను బట్టి ఎంచుకోవాలని, అందరూ మొదట చెప్పే ఫాడ్‌మ్యాప్ నియంత్రణను చివరికి ఉంచాలని నా అభిప్రాయం. ఆ చివరిది కూడా గడువు పెట్టుకొని చేసే పరీక్షే గాని జీవితాంతం పాటించే పథ్యం కాదు.

ఎంపికకు ముందు తేలవలసినవి

ఐబీఎస్‌ను నిర్ధారించడానికి వైద్యులు వాడే, 2016లో వెలువడిన రోమ్ 4 ప్రమాణాల ప్రకారం, గత మూడు నెలలుగా సగటున వారానికి కనీసం ఒక రోజు కడుపునొప్పి ఉండాలి. ఆ నొప్పికి మలవిసర్జనతో సంబంధం ఉండడం, ఎన్నిసార్లు వెళ్లవలసి వస్తోందన్న దానిలో మార్పు రావడం, మలం తీరు మారడం అనే మూడింటిలో కనీసం రెండు తోడై ఉండాలి. బాధ మొదలై ఆరు నెలలైనా గడిచి ఉండాలి. ఈ లెక్కకు సరిపోయినవారైనా, మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, జ్వరం, రక్తహీనత, నిద్రలోంచి లేపే నొప్పి లేదా విరేచనాలు, 50 ఏళ్లు దాటాక కొత్తగా మొదలైన మార్పు, దగ్గరి రక్తసంబంధీకుల్లో పెద్దపేగు క్యాన్సర్ వంటివి ఉంటే ఆహారంతో ప్రయోగాలు చేస్తూ రోజులు గడపకూడదు. మన దేశంలో పేగులకు సోకే క్షయ కూడా మొదట్లో ఇలాంటి బాధలతోనే కనిపించవచ్చు.

తిరుపతిలో స్విమ్స్, రుయా ఆసుపత్రులు ఉన్నాయి, చిత్తూరు వారికి వేలూరు సీఎంసీ చేరువ. ఎక్కడ చూపించుకున్నా, విరేచనాల రకం ఉన్నవారు గోధుమలోని గ్లూటెన్ అనే ప్రోటీన్ పడక పేగు దెబ్బతినే సీలియాక్ వ్యాధిని తేల్చే టీటీజీ రక్తపరీక్ష గురించి, పేగు వాపును పట్టిచ్చే, మలంలో చేసే కాల్‌ప్రొటెక్టిన్ పరీక్ష గురించి వైద్యుణ్ణి అడగడం మంచిది. టీటీజీ విషయంలో ఒక చిక్కు ఉంది. గోధుమ మానేసి కొంతకాలమయ్యాక ఆ పరీక్ష చేయిస్తే, జబ్బు ఉన్నా లేనట్టు రావచ్చు. కనుక చపాతీ మానడమంటూ ఉంటే అది పరీక్ష తరువాతే.

తమది ఏ రకమో తెలుసుకోవడం ఆ తరువాతి పని. మలం గట్టిగా ఉండలు ఉండలుగా వచ్చేది మలబద్ధకం రకం, పలుచగా వచ్చేది విరేచనాల రకం, రెండూ మార్చి మార్చి వచ్చేది మిశ్రమ రకం. బ్రిస్టల్ పట్టిక మలం తీరును బొమ్మలతో 1 నుంచి 7 వరకు విభజించింది. ఒక నోటుపుస్తకంలో రోజూ ఆ అంకె, నొప్పికి పదికి ఇంత అని ఒక అంకె, తిన్నది, తిన్న వేళ రాసుకుంటే రెండు వారాల్లో చాలా సంగతులు బయటపడతాయి. ఆ రెండు వారాలూ తిండి మార్చకుండా ఎప్పటిలాగే తినాలి. ఇది దండగ పని అని దాటవేసేవారే ఎక్కువ, కానీ మొదటి అంకె లేకుండా తరువాత తగ్గిందా పెరిగిందా అన్నది ఎవరూ చెప్పలేరు.

మొదటి దారి: వేళ, మోతాదు, కారం

బ్రిటన్‌లోని నైస్ అనే మార్గదర్శక సంస్థ 2008లో ఐబీఎస్ రోగులకు ఇచ్చిన ఆహార సలహాలు చూస్తే ఇంట్లో పెద్దవాళ్లు చెప్పే మాటల్లాగే ఉంటాయి. వేళకు తినాలి, నిదానంగా తినాలి, పూట తప్పించకూడదు, రోజుకు ఎనిమిది కప్పులైనా ద్రవాలు తాగాలి, టీ కాఫీలు మూడు కప్పులకు మించకూడదు, సోడాలూ మద్యమూ తగ్గించాలి, పండ్లు రోజుకు మూడు వాటాలకు పరిమితం చేయాలి. కొత్తదనం లేనందువల్ల దీన్ని వైద్యంగా లెక్కపెట్టడానికి చాలామందికి మనసొప్పదు.

ఫలితాలు మాత్రం వేరే మాట చెబుతున్నాయి. 2015లో స్వీడన్‌లో 75 మంది రోగులను రెండు జట్లు చేసి, ఒక జట్టుకు ఫాడ్‌మ్యాప్ తగ్గించిన ఆహారం, రెండో జట్టుకు ఈ మామూలు సలహాలు నాలుగు వారాల పాటు ఇచ్చారు. మొదటి జట్టులో సుమారు 50 శాతం మందికి, రెండో జట్టులో 46 శాతం మందికి చెప్పుకోదగ్గ ఉపశమనం దొరికింది. రెంటికీ మధ్య తేడా లెక్కలోకి వచ్చేంత లేదు. 2022లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో 99 మందిపై జరిగిన పోలికలో మామూలు సలహాలతో 42 శాతం, ఫాడ్‌మ్యాప్ నియంత్రణతో 55 శాతం, గ్లూటెన్ లేని ఆహారంతో 58 శాతం మందికి మేలు కనిపించింది. అంకెలు వేర్వేరుగా కనిపిస్తున్నా గణాంకపరంగా ఇక్కడ కూడా తేడా తేలలేదు. మామూలు సలహాలే చవకగా, పాటించడానికి సులభంగా ఉన్నాయని ఆ రోగులే చెప్పారు. తక్కిన రెండు పద్ధతులూ ఇంటిల్లిపాది వంటను మార్చమంటాయి, ఇది ఒక్క మనిషి అలవాటును మాత్రమే మార్చమంటుంది. సమానమైన ఫలితం దొరికే చోట తక్కువ శ్రమ ఉన్నదాన్ని ముందు ప్రయత్నించడం సబబు.

అయితే ఆ సలహాలు అక్కడి జీవితాన్ని బట్టి రాసినవి. మన వైపు వాటికి అడ్డుపడేవి వేరే ఉన్నాయి. శనివారం ఒక్కపొద్దు ఉండేవారు, ముఖ్యంగా పెరటాసి (సెప్టెంబరు, అక్టోబరుల్లో వచ్చే తమిళ నెల) శనివారాల్లో, పగలంతా కాఫీలతో గడిపి సాయంత్రం పూజ కాగానే రెండు పూటల తిండి ఒక్క విస్తట్లో తింటారు. ఖాళీ కడుపులో పడిన కాఫీ పెద్దపేగును కదిలిస్తుంది, భారీ భోజనం మరింతగా కదిలిస్తుంది, ఆదివారం ఉదయానికి విరేచనాల రకం మనిషి ఇల్లు కదలలేని స్థితికి వస్తాడు. నియమం మానమని ఎవరినీ అడగనక్కర లేదు. పొద్దున ఒక గ్లాసు పలుచని మజ్జిగ, మధ్యాహ్నం కాసిని అటుకులు, సాయంత్రం మామూలు పరిమాణంలో భోజనం అన్నట్లు పంచుకుంటే నియమానికీ లోటు రాదు, పేగుకూ తెరిపి ఉంటుంది. కొండ మీద దర్శనం వరుసలో నిలబడవలసిన రోజున దారిలో ఇబ్బంది అవుతుందన్న భయంతో ముందురోజు నుంచి ఏమీ తినకుండా వెళ్లి, బయటికి రాగానే ఆవురావురుమని తినేవారిదీ ఇదే కథ.

ఇక కారం. సీమ వంటలో మిరపకాయ పాత్ర గురించి ఇక్కడివారికి చెప్పనవసరం లేదు. మిరపలోని క్యాప్సైసిన్ పేగు గోడల్లో నొప్పిని, మంటను గుర్తించే నాడుల మీద నేరుగా పనిచేస్తుంది. మిరప కలిపిన భోజనం తరువాత విరేచనాల రకం ఐబీఎస్ ఉన్నవారిలో కడుపునొప్పి, మంట పెరిగినట్లు థాయిలాండ్‌లో జరిగిన పరిశీలనలో తేలింది. ఇది ఫాడ్‌మ్యాప్ పట్టికల్లో కనిపించని విషయం. పట్టిక ప్రకారం చెనిగ్గింజల (వేరుశనగల) ఊరిబిండి పచ్చడికి, తెల్లగడ్డ (వెల్లుల్లి) తీసేస్తే, పెద్దగా అభ్యంతరం లేదు, కానీ అందులో పడే ఎండుమిరపకాయలను ఆ పట్టిక లెక్కించదు. కనుక నొప్పి, మంట ప్రధానంగా ఉన్నవారు తక్కిన వాటి జోలికి పోకముందే నాలుగు వారాల పాటు కారాన్ని సగం చేసి చూడడం మేలు. పూర్తిగా మానితే రెండు వారాల్లో విసుగు పుట్టి మళ్లీ మొదటికి వస్తుంది. వేపుళ్లు, బజ్జీలు, నూనె తేలే పులుసుల విషయమూ ఇంతే.

రెండో మెట్టు: పాలా, పీచా?

మొదటి దారి నాలుగు వారాలు నడిచాక ఉబ్బరం, గ్యాసు, పలుచని విరేచనాలు మిగిలితే పాల వైపు చూడాలి, మలబద్ధకం మిగిలితే పీచు వైపు చూడాలి. రెంటినీ ఒకేసారి మార్చవద్దు.

పాలలోని లాక్టోజ్‌ను అరిగించే ఎంజైము పెద్దయ్యాక తగ్గిపోవడం ఉత్తర భారతంలో కంటే దక్షిణాదిలో ఎక్కువ. వంద మిల్లీలీటర్ల పాలలో సుమారు 5 గ్రాముల లాక్టోజ్ ఉంటుంది. గ్లాసెడు పాలు తాగే అలవాటు లేదు కాబట్టి పాలతో నాకు సంబంధం లేదనుకునేవారు రోజూ తాగే చిక్కని కాఫీలను కూడి చూడాలి. పాడికి పేరున్న ఈ ప్రాంతంలో కాఫీలో నీళ్లకంటే పాలే ఎక్కువ, నాలుగు కప్పులైతే ఒక పెద్ద గ్లాసు పాలు తాగినట్టే. పరీక్ష సులభం. రెండు వారాల పాటు పాలు, పాల కాఫీ, పాయసం, కోవా మిఠాయిలు ఆపి, పెరుగును మాత్రం కొద్దిగా ఉంచుకోవాలి. తోడుకునేటప్పుడు లాక్టోజ్‌లో కొంత భాగం తగ్గుతుంది, నీళ్లు పోసి చిలికిన మజ్జిగలో గ్లాసుకు ఇంకా తక్కువ. నెయ్యిలో లాక్టోజ్ దాదాపు ఉండదు. రెండు వారాల్లో తేడా కనిపించకపోతే పాలు నిర్దోషి, వెంటనే తిరిగి మొదలుపెట్టవచ్చు. తేడా కనిపిస్తే పాలు తగ్గించి కాల్షియానికి వేరే దారి చూసుకోవాలి. అందుకు ఈ ప్రాంతంలో వెతుక్కోవలసిన పని లేదు, వంద గ్రాముల రాగుల్లో సుమారు 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది.

పీచు విషయంలో రెండు రకాలను వేరుగా చూడాలి. నీళ్లలో జిగురుగా ఉబ్బే ఇసబ్గోల్ ఒక రకం, గోధుమ పొట్టు వంటి గరుకు పీచు ఇంకో రకం. నెదర్లాండ్స్‌లో 275 మంది రోగులకు పన్నెండు వారాల పాటు రోజుకు 10 గ్రాముల చొప్పున ఒక జట్టుకు ఇసబ్గోల్, ఒక జట్టుకు గోధుమ పొట్టు, మూడో జట్టుకు ఉత్త పిండి ఇచ్చి 2009లో ప్రకటించిన ఫలితాల్లో, ఇసబ్గోల్‌కే స్పష్టమైన మేలు కనిపించింది. పొట్టు తిన్నవారిలో బాధ పెరిగి మధ్యలోనే మానేసినవారు ఎక్కువ. అందువల్ల 'పీచు ఎక్కువ తినండి' అన్న సలహాను అలాగే తీసుకోకూడదు. ఇసబ్గోల్‌ను రోజుకు 3 గ్రాములతో మొదలుపెట్టి, వారం వారం కొద్దికొద్దిగా పెంచుతూ, ప్రతిసారీ నిండు గ్లాసు నీళ్లతో తాగాలి. నీళ్లు తక్కువైతే అదే అడ్డుపడుతుంది. వేరే మందులు వాడేవారు రెంటి మధ్య గంటా రెండు గంటల ఎడం ఉంచాలి. పేగు సన్నబడిన చరిత్ర, మింగడంలో ఇబ్బంది ఉన్నవారు వైద్యుణ్ణి అడగకుండా ముట్టకూడదు.

సిరిధాన్యాలకు మారడం గురించి ఇక్కడే చెప్పాలి. పాలిష్ బియ్యంలో వంద గ్రాములకు పీచు 3 గ్రాముల లోపు, రాగుల్లో 11 గ్రాముల పైన. మలబద్ధకం రకానికి ఇది మంచిదే, కానీ మూడు పూటలా తెల్లన్నం తినే మనిషి సోమవారం నుంచి మూడు పూటలా రాగికి మారితే శుక్రవారానికి కడుపు డోలులా అవుతుంది, దానికి తప్పు రాగిది కాదు. సగానికి సగం బియ్యం వేసి కెలికే సంగటి రోజుకు ఒక పూటతో మొదలుపెడితే చాలు. విరేచనాల రకంవారు అన్నంతోనే ఉండడంలో తప్పేమీ లేదు.

చివరి మెట్టు: ఫాడ్‌మ్యాప్

మెల్‌బోర్న్‌లోని మొనాష్ విశ్వవిద్యాలయం పరిశోధకులు రూపొందించిన ఈ పద్ధతి, చిన్నపేగులో సరిగా ఇంకకుండా పెద్దపేగుకు చేరి అక్కడి సూక్ష్మజీవుల వల్ల పులిసే కొన్ని పిండిపదార్థాలను కొంతకాలం తగ్గించమంటుంది. ఉల్లి, వెల్లుల్లి, గోధుమల్లోని ఫ్రక్టాన్లు, పప్పుల్లోని గెలాక్టో ఆలిగోశాకరైడ్లు, పాలలోని లాక్టోజ్, మామిడిలోనూ తేనెలోనూ గ్లూకోజ్‌ను మించి ఉండే ఫ్రక్టోజ్, పుట్టగొడుగుల వంటివాటిలోని మానిటాల్, యాపిల్‌లోని సార్బిటాల్ ఈ కోవలోకి వస్తాయి. ఇవి పేగులోకి నీటిని లాగుతాయి, గ్యాసు పుట్టిస్తాయి. ఆరోగ్యవంతుల్లోనూ ఇదే జరుగుతుంది. ఐబీఎస్ ఉన్నవారి పేగు నాడులు ఆ సాగుదలను నొప్పిగా పట్టుకుంటాయి, తేడా అక్కడ ఉంది.

2021లో అమెరికా జీర్ణకోశ వైద్యుల సంఘం ఈ పద్ధతిని పరిమిత కాలానికి ప్రయత్నించమని సూచించింది. పరిమిత కాలం అన్న మాట సగం మంది చెవిన పడదు. ఇందులో మూడు దశలు ఉన్నాయి: రెండు నుంచి ఆరు వారాల నియంత్రణ, ఆ తరువాత ఒక్కో వర్గాన్ని తిరిగి తిని చూడడం, చివరికి తనకు పడనిదాన్ని మాత్రమే తగ్గించుకోవడం. మొదటి దశలోనే ఆగిపోయి నెలల తరబడి ఉండిపోతే పేగుల్లోని బైఫిడో బ్యాక్టీరియా వంటి మేలుచేసే సూక్ష్మజీవులు తగ్గుతాయి. శాకాహారులకైతే పప్పులు పోయి ప్రోటీన్ లోటు వస్తుంది.

పట్టికలు చాలావరకు పాశ్చాత్య వంటలకు రాసినవి కాబట్టి ఇక్కడి కంచాన్ని విడిగా చూడాలి. ఆ కంచంలో అడుగున ఉన్న అన్నం, రాగి సంగటి ఈ లెక్కలో నిరపాయమైనవే. కోడి, గుడ్డు, చేపల్లో ఈ పిండిపదార్థాలు ఉండవు. వంకాయ, బెండకాయ, బీన్స్, క్యారెట్, ఉర్లగడ్డ (బంగాళాదుంప), దోసకాయ, పాలకూర మామూలు మోతాదులో పరవాలేదు. ఇబ్బంది పెట్టేవి మూడు: ఎర్రగడ్డ (ఉల్లిగడ్డ), తెల్లగడ్డ, పప్పు. నాటుకోడి పులుసు పడలేదంటే కోడిని కాక దాని మసాలాలో నూరిన ఎర్రగడ్డను అనుమానించాలి. టిఫిన్ సెంటరులో ఇడ్లీ తిన్నాక ఉబ్బరం వస్తే ఇడ్లీ కంటే ముందు పక్క గిన్నెలోని సాంబారును, పుట్నాల చట్నీని చూడాలి.

తెల్లగడ్డ రుచిని వదులుకోలేనివారికి ఒక ఉపాయం ఉంది. ఫ్రక్టాన్లు నీళ్లలో కరుగుతాయి గాని నూనెలో కరగవు. తాలింపు నూనె కాగాక నాలుగు రెబ్బలు వేసి, అంచులు ఎర్రబడగానే చిల్లుల గరిటెతో ఒక్కటి మిగలకుండా ఏరి తీసి, ఆ తరువాతే ఆవాలు, జీలకర్ర, కరివేపాకు వేసుకుంటే వాసన నూనెలో నిలిచిపోతుంది, బాధపెట్టేది రెబ్బలతో బయటికి పోతుంది. అదే రెబ్బలను చారులో దంచి వేసి, తినేటప్పుడు ముక్కలు పక్కకు తీసి పెట్టినందువల్ల ప్రయోజనం లేదు, అప్పటికే అవి చారులోకి దిగిపోయి ఉంటాయి. ఎర్రగడ్డకు బదులు ఉల్లికాడల పచ్చభాగం వాడుకోవచ్చు. ఇంగువ పనికొస్తుంది, డబ్బా ఇంగువలో గోధుమ పిండి కలుస్తుందన్న మాట నిజమే గాని మనం వేసే చిటికెడులో అది లెక్కలోకి రాదు, సీలియాక్ ఉన్నవారికి మాత్రం లెక్కే.

పప్పును చాలామంది పూర్తిగా మానేస్తారు. అది అనవసరమైన త్యాగమని నా అభిప్రాయం. పప్పులోని గెలాక్టో ఆలిగోశాకరైడ్లను విరిచే ఎంజైము మనిషి చిన్నపేగులో ఎవరికీ లేదు, కనుక ఇక్కడ తేల్చవలసింది తినాలా వద్దా అన్నది కాదు, ఎంత తినాలన్నదే. అవి కూడా నీళ్లలోకి దిగేవే. పప్పును కొన్ని గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, మంచి నీళ్లలో ఉడికిస్తే వాటిలో కొంత భాగం పోతుంది. కందిపప్పు రెండు గరిటెలకు బదులు అర గరిటె, వీలైతే పెసరపప్పు అనుకుంటే నియంత్రణ వారాలు గడుస్తాయి. సంక్రాంతి ముందు వచ్చే పితికిపప్పు సంగతి చూడండి. అనపగింజలను రాత్రంతా నానేసి, నీళ్లు ఒంపేసి, ఒక్కో గింజను బొటనవేలితో నొక్కి తోలు తీసేసే ఆ పనిలోనే పులిసే పదార్థంలో కొంత, గరుకు పీచంతా బయటికి పోతాయి. అయినా అది చిక్కుడు జాతి గింజే, కూర బాగుందని గిన్నె ఖాళీ చేస్తే ఆ రాత్రి నిద్ర ఉండదు. అలసంద వడలు, శనగ గుగ్గిళ్లు ఆ నాలుగు వారాలు పక్కన పెట్టదగినవి.

తిరుపతిలో ఉంటూ లడ్డూ ప్రస్తావన లేకుండా ఈ చర్చ పూర్తికాదు. శనగపిండి, జీడిపప్పు, ఎండుద్రాక్ష మూడూ ఫాడ్‌మ్యాప్ ఎక్కువున్నవే, పైగా నెయ్యి. ప్రసాదంగా చిటికెడు నోట్లో వేసుకోవడానికీ లడ్డూ మొత్తం తినడానికీ మధ్య ఉన్న దూరమే ఈ పద్ధతిలో అన్నిటికీ వర్తించే దూరం, మోతాదును మించితేనే బాధ. గుడి వంటలో ఉల్లి వెల్లుల్లి ఉండవు కాబట్టి పులిహోర చాలామందికి పడుతుంది, దద్దోజనం పాల పరీక్షలో నెగ్గినవారికి పడుతుంది. మే నుంచి జూలై వరకు సాగే మామిడి కాలంలో మాత్రం ఈ నియంత్రణ మొదలుపెట్టవద్దని నా సలహా. తోటలున్న ఇంట్లో కాయలు గంపలకొద్దీ దిగుతున్నప్పుడు నాలుగు వారాలు ముట్టకుండా ఉండగలిగేవారు అరుదు. మధ్యలో తప్పిన పరీక్ష వల్ల ఏమీ తేలదు.

తక్కినవి

గ్లూటెన్ లేని ఆహారం షెఫీల్డ్‌లో మంచి ఫలితమే చూపింది. అయితే గోధుమలో బాధపెట్టేది చాలామందిలో గ్లూటెన్ కాదు, ఫ్రక్టాన్ అని 2018లో నార్వేలో 59 మందిపై జరిగిన పరిశోధన చూపింది. దేశంలో ప్రాంతాలవారీగా చూసిన పరిశోధనలో సీలియాక్ వ్యాధి ఉత్తరాదిలో 1.23 శాతం ఉండగా దక్షిణాదిలో 0.10 శాతమే. అన్నం, సంగటి ప్రధానమైన ఇళ్లలో రాత్రి చపాతీలు, ఉదయం ఉప్మా, పూరీలు తప్ప గోధుమ పెద్దగా ఉండదు. వాటిని తగ్గిస్తే సరిపోతుంది గాని ఖరీదైన గ్లూటెన్ రహిత బిస్కెట్లు కొననవసరం లేదు.

పిండిపదార్థాలను బాగా తగ్గించి కొవ్వు, మాంసకృత్తులు పెంచే పద్ధతిని 2024లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ పరిశోధకులు పరీక్షించారు. నాలుగు వారాల్లో మామూలు సలహాలతో కలిపిన ఫాడ్‌మ్యాప్ నియంత్రణ 76 శాతం మందికి, ఈ పద్ధతి 71 శాతం మందికి, మందులు 58 శాతం మందికి మేలు చేశాయి. ఫలితం తీసిపారేయదగినది కాదు, కానీ అన్నం, సంగటి రెండూ లేని భోజనం ఇక్కడ ఎన్నాళ్లు సాగుతుందో ఎవరైనా ఊహించగలరు, కొలెస్ట్రాల్ ఉన్నవారికి అదనపు జాగ్రత్త కావాలి.

రక్తంలో ఐజీజీ అనే యాంటీబాడీని చూసి పడని తిండి పదార్థాల జాబితా ఇచ్చే పరీక్షలకు డబ్బు పెట్టవద్దు. ఆ ఐజీజీ ఆ పదార్థం తిన్నామనే చెబుతుంది గాని పడదని చెప్పదు.

ఎవరికి ఏది, ఎంతకాలం

బాధ మామూలుగా ఉండి, తిండి వేళలు గందరగోళంగా ఉన్నవారికి మొదటి దారి చాలు. డ్రైవర్లు, రాత్రి డ్యూటీ చేసేవారు, ఒక్కపొద్దులు ఎక్కువ ఉండేవారు ఈ కోవలోకి వస్తారు. మలబద్ధకం ప్రధానమైతే మొదటి దారికి ఇసబ్గోల్ కలపాలి. కాఫీ, పాలు ఎక్కువగా ఉండి ఉబ్బరం, పలుచని విరేచనాలు ఉంటే పాల పరీక్ష చేయాలి. ఇవి ఒక్కొక్కటిగా చేసినా నొప్పి అంకె సగానికి తగ్గకపోతే అప్పుడే ఫాడ్‌మ్యాప్. బరువు తక్కువ ఉన్నవారు, గర్భిణులు, పిల్లలు, మధుమేహానికి మందులు వాడేవారు, తిండి అంటేనే భయం పట్టుకున్నవారు డైటీషియన్ సాయం లేకుండా ఆ చివరి మెట్టు ఎక్కకూడదు. భయం పట్టుకున్నవారికైతే అసలు నిషేధాల జాబితాయే హాని చేస్తుంది.

ఉమ్మడి ఇంట్లో ఇంకొక లెక్క ఉంది. ఒక్కరి కోసం వేరే వంట అంటే ఆ భారం ఇంటి కోడలి మీదో తల్లి మీదో పడుతుంది, పది రోజుల తరువాత పథ్యం దానంతట అదే సడలుతుంది. కూర, చారు ఎర్రగడ్డ వేయకముందే ఒక గిన్నెలోకి తీసి పెట్టుకొని, దానికి విడిగా పై తాలింపు పెట్టుకునే పద్ధతి అన్నిటికంటే ఎక్కువ కాలం నిలుస్తుంది.

నాలుగు వారాల ఫాడ్‌మ్యాప్ నియంత్రణ తరువాత తేడా లేకపోతే మామూలు తిండికి తిరిగి వచ్చేయాలి, ఇంకా కఠినం చేయకూడదు. తేడా ఉంటే తిరిగి తిని చూసే దశ మొదలవుతుంది. నేనైతే కందిపప్పును ముందు పెడతాను, ఎందుకంటే అది ప్రోటీన్, రోజువారీ తిండి. మొదటి రోజు అర గరిటె, రెండో రోజు ఒక గరిటె, మూడో రోజు రెండు గరిటెలు తిని, తక్కిన ఆహారం నియంత్రణలోనే ఉంచి, రెండు మూడు రోజులు విరామం ఇవ్వాలి. తరువాత పాలు. ఆ తరువాత చపాతీ. ఎర్రగడ్డనూ చపాతీనీ వేరువేరుగా చూడాలి, రెంట్లోనూ ఉన్నది ఫ్రక్టానే అయినా ఒకటి పడి ఇంకొకటి పడనివారు ఉంటారు. తెల్లగడ్డను అన్నిటికంటే చివర ఉంచవచ్చు, నూనెలో దాని వాసన ఎలాగూ అందుతూనే ఉంటుంది కాబట్టి. ఏ మోతాదు దగ్గర బాధ మొదలైందో ఆ మోతాదుకు ఒక మెట్టు కింద ఆగి, దాటిన వర్గాలన్నిటినీ తిరిగి కంచంలోకి తెచ్చుకోవాలి. పడని వర్గాన్ని కూడా రెండు మూడు నెలలకు ఒకసారి మళ్లీ తిని చూడాలి, ఎందుకంటే పేగుల ఓర్పు కాలంతో మారుతుంది.